నిజంగా నొప్పి పుట్టిన మంగళవారం

మంగళవారం, పొద్దున పదకొండు గంటల ఐదు నిమిషాలు. గోడ గడియారం పదకొండూ పది చూపించింది గాని దాన్ని నమ్మకూడదు. నాంపల్లి స్టేషన్ దగ్గరి సందులో, మెట్లెక్కి పోయే ఆ సూదుల దవాఖానలో గడియారాన్ని ఐదు నిమిషాలు ముందుకు తిప్పి ఉంచుతారు, ఆలస్యంగా వచ్చేవాళ్లు సిగ్గుపడాలని. ఎవరూ సిగ్గుపడరు. ఐదు నిమిషాల సంగతి అందరికీ తెలుసు.

వేళ ఇంత కచ్చితంగా ఎందుకు చెప్తున్నానంటే, ఆ దవాఖానలో నాకు అబద్ధాలకోరునని పేరుంది. ఉత్తపుణ్యానికి వచ్చిన పేరు కాదు, కష్టపడి సంపాదించుకున్నాను. అలాంటి మనిషి ఒక నిజం చెప్పదలిస్తే రోజు చెప్పాలి, వేళ చెప్పాలి, సాక్షులను చూపించాలి. సాక్షులు చివర వస్తారు.

ఇదంతా నేను చెప్తుంటే నా కోడలు రాస్తోంది. నా మాటను బడి తెలుగులోకి మార్చి రాస్తుంది. తనను నేను తిట్టిన చోట్ల కలం జారిపోతుందేమోనని అయిపోయాక మొత్తం చదువుకుంటాను. చదవడం వచ్చినందుకు ఆ మాత్రం లాభం ఉండాలి.

ఆదివారం ఆబిడ్స్‌లో దుకాణాలు మూసి ఉంటాయి. షట్టర్ల ముందు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తారు. అందులో ఒక మూల ముప్పై ఏళ్లకు పైగా మాది. నా పెనిమిటి మొదలుపెట్టాడు, ఆయన పోయాక నేను కూర్చున్నాను. యాభై ఎనిమిదేళ్లు వచ్చేదాకా నాకు అక్షరం ముక్క రాదు. పుస్తకాలమ్మే మనిషికే చదువు రాదంటే ఎవరు ఆగుతారు? అందుకని కళ్లద్దాలు ఇంట్లో మరిచి వచ్చానని చెప్పేదాన్ని. ప్రతి ఆదివారం మరిచేదాన్ని. ఏళ్ల తరబడి మరిచాను. ఒకాయన జాలిపడి తన పాత అద్దాలు తెచ్చిచ్చాడు. అవి పెట్టుకుంటే ఎదురుగా ఉన్న రోడ్డు పైకి లేచి నా ఒళ్లోకి వచ్చింది.

పుస్తకం చదవలేకపోయినా పుస్తకం కొనేవాడి మొహం చదివేదాన్ని. మనిషికి నిజంగా కావలసిన పుస్తకం దొరికితే చేతిలో పట్టుకోడు. కింద పెట్టి, దాని మీద ఇంకో పుస్తకం పెట్టి, పక్కవాడికి కనబడకుండా చేస్తాడు. కళ్లు ఎటో తిరుగుతుంటాయి, కాలు మాత్రం అక్కడే ఉంటుంది. ఎవరైనా పేరు చెప్పి అడిగితే దొంతర మీద నెమ్మదిగా చెయ్యి జరుపుతూ వాడి మొహం చూసేదాన్ని. సరైన దాని మీదికి రాగానే కనుబొమ్మలు లేచేవి. "గిదే గదా?" అని తీసిచ్చేదాన్ని. ఈ అవ్వకు ఎన్ని పుస్తకాలు తెలుసో అని ముచ్చటపడి పోయేవాళ్లు.

ఒక్కసారి దొరికిపోయాను. కార్జం, అదే కాలేయం, బొమ్మ అట్ట మీద ఎర్రగా మెరుస్తున్న లావుపాటి పుస్తకాన్ని డాక్టరు చదువుల దొంతరలో పెట్టాను. మెడిసిన్ చదివే పిల్ల తెరిచి చూసి, "అవ్వా, గిండ్ల ఉల్లిగడ్డ ఎర్రగ వేయించుమని రాసి ఉన్నది" అని కూలబడి నవ్వింది. ఆ పక్కనే సికింద్రాబాద్ నుంచి చర్చి అయిపోయాక వచ్చే ఒక రిటైరైన టీచరమ్మ ఉంది. ఆమె నవ్వలేదు. మరుసటి ఆదివారం పలకా బలపం తెచ్చింది. రెండేళ్లు, వారానికొక గంట, బోర్లించిన అట్టపెట్టె మీద కూర్చోబెట్టి దిద్దించింది. నేను చదువుకున్నది ఆ మూల మీదే, నా దుకాణంలోనే, బేరాల మధ్య.

సంతకం వచ్చాక బ్యాంకుకు పోయాను. కౌంటరు దగ్గరి మనిషి అలవాటుగా వేలిముద్ర డబ్బా నా వైపు జరిపాడు. నేను దాన్ని తిరిగి ఆయన వైపు జరిపి పెన్ను అడిగాను. నా పేరు పూర్తయ్యేసరికి వెనక లైన్లో ముగ్గురు దగ్గారు. దగ్గనీ, వాళ్ల గొంతు వాళ్లది.

పోయిన ఏడు వానాకాలంలో చాయ్ గ్లాసు చేతిలోంచి జారింది. పట్టుకుందామంటే చెయ్యి రాలేదు. కుడి చెయ్యి, కుడి కాలు, మూతి కూడా కొంచెం. పక్షవాతం. సర్కారు దవాఖానలో పడుకోబెట్టారు. మాట రెండు వారాలు ముద్దముద్దగా వచ్చింది. ఇల్లు అంత నెమ్మదిగా ఎన్నడూ లేదని కోడలు అందరితో చెప్పుకుంది. (ఈ మాట రాయనంటోంది. రాయమన్నాను.) కసరత్తులు చేయగా చేయగా కాలు తిరిగి వచ్చింది, ఈడ్చుకుంటూనైనా. చెయ్యి మాత్రం కిరాయికి తెచ్చుకున్న చెయ్యిలా వేలాడేది.

మళ్లీ బ్యాంకుకు పోవలసి వచ్చింది. అదే మనిషి. ఈసారి ఆయన లేచి నిలబడి, నా ఎడమ బొటనవేలిని తనే మెల్లగా పట్టుకుని, సిరా అద్ది, కాగితం మీద ఒత్తి, తుడుచుకోవడానికి గుడ్డ కూడా ఇచ్చాడు. ఆ మర్యాదకు నా ఒళ్లు మండింది. ఇంటికొచ్చాక మూడు సార్లు సబ్బుతో కడిగినా నీలం పోలేదు. ఆ రోజే అనుకున్నాను, ఈ చేత్తో మళ్లీ నా పేరు నేను రాయాలి. నాకు ఇంకేం అక్కర్లేదు. జడ కోడలు వేస్తుంది, అన్నం ఎడమ చేత్తో తింటాను. పేరు మాత్రం ఇంకొకరితో రాయించుకునేది కాదు.

సూదుల వైద్యం, ఆక్యుపంక్చర్ అంటారట, దాని సంగతి ఎవరో చెప్తే సర్కారు డాక్టరును అడిగాను. "మాత్రలు ఆపకు, కసరత్తు ఆపకు. అవి ఆపకుండ సూదులు కూడా ఏయించుకుంటనంటే ఏయించుకో. కొందరు ఫాయిదా ఉన్నదంటరు, నేనైతే మాట ఇయ్యను" అన్నాడు. సూదుల డాక్టరమ్మ కూడా మొదటిరోజే చెప్పింది: "పెద్దమ్మా, నేను మాయలు చెయ్య. వస్తే వస్తది, లేకుంటే లేదు." ఆమెకు నలభై ఏళ్లుంటాయి. గొంతు గట్టిది, చెయ్యి తేలిక.

ఆ సూదులు కుట్టుసూదుల్లా ఉండవు, వెంట్రుకంత సన్నం. చేతికి, మోచేతికి, కాలికి, నెత్తి మీద కూడా గుచ్చి, కొన్నిటికి చిన్న డబ్బాలోంచి వచ్చే తీగలు తగిలించి, అరగంట కదలకుండా ఉండమంటుంది. గుచ్చిన ప్రతిసారీ అడుగుతుంది: "ఏమన్న అనిపిస్తున్నదా? బరువుగనా, గుంజినట్టా, జుమ్మన్నట్టా?" ఎక్కడ ఏం అనిపించిందో కాగితం మీద రాసుకుని, దాన్ని బట్టి మరుసటిసారి సూదులు ఎక్కడ వేయాలో చూసుకుంటుంది. అది ఆమె పని చేసే తీరు. చుట్టూ మంచాల మీద ఉన్నవాళ్లంతా జుమ్మంది, కరెంటు కొట్టింది అని చెప్తున్నారు. నాకేమో ఏమీ లేదు. సూది గోడకు గుచ్చినా గోడకు ఇంకొంచెం ఎక్కువ తెలిసేది.

"లేదు" అనే మాట నోట్లోంచి రాలేదు. యాభై ఎనిమిదేళ్లు రాదు, తెలియదు అనకుండా బతికినదాన్ని. ఆమె మొహం చూశాను. సూది లోపలికి దిగేటప్పుడు కింది పెదవి లోపలికి మడుస్తుంది. అంతే, నాకు అది చాలు. పెదవి మడవగానే "అబ్బా" అన్నాను.

డాక్టరమ్మ మొహం వెలిగిపోయింది. ఆమె పక్కన నా చెప్పులు పట్టుకుని నిలబడ్డ కోడలి మొహం ఇంకా వెలిగింది. సుల్తాన్ బజార్‌లో బట్టల దుకాణంలో పని చేస్తుంది కోడలు. నన్ను తీసుకురావడానికి వారానికి మూడు రోజులు సగం పూట సెలవు పెట్టి సేటు చేత మాటలు పడేది. అంత వెలిగిన మొహాలను ఎట్లా ఆర్పను? మళ్లీ పెదవి మడిచింది, మళ్లీ "అబ్బా" అన్నాను. కొన్నాళ్లకు ఒకే మాట బాగుండదని "గుంజినట్టుంది", "చీమలు పాకినట్టుంది" అని మార్చి మార్చి చెప్పాను. పక్క మంచం వాళ్ల దగ్గర విన్నవే.

మూడో వారంలో డాక్టరమ్మ సంతోషంగా చెప్పింది: "వేళ్లకు మంచిగ తెలుస్తున్నది గదా పెద్దమ్మా, ఇగ అక్కడ సూదులు బంద్ చేద్దాం. భుజం చూద్దాం." నాకు కావలసింది వేళ్లు. నా నోటితో నేనే సూదులను వేళ్ల మీదినుంచి పంపించేశాను. అప్పుడైనా చెప్పి ఉండవచ్చు. చెప్పలేదు.

పక్క మంచం మీద ఒక పెద్దమనిషి ఉండేవాడు. పాత హైదరాబాదీ, సర్కారు ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరైనవాడు. ఆయనకు ఎడమ పక్క పడిపోయింది. ఉర్దూ జాసూసీ నవలలంటే, అదే డిటెక్టివ్ నవలలంటే, ప్రాణం. ఆయన దగ్గరున్నవన్నీ ఇంట్లోవాళ్లు చిత్తు కాగితాల కింద అమ్మేశారని కుమిలిపోయేవాడు. నా దుకాణంలో అలాంటివి అట్టలు చిరిగినవి చాలా ఉన్నాయి, కోడలి సంచీలో పెట్టించి తెచ్చేదాన్ని. లోపలికి పిలిచేదాకా బయటి బెంచీ మీద ఆయన కుడి చేత్తో పుస్తకం పట్టుకుంటే, నేను ఎడమ చేత్తో పేజీ తిప్పేదాన్ని. ఇద్దరం కలిస్తే ఒక చదువరి. నేను పేజీ త్వరగా తిప్పితే "ఆగు చెల్లె, ఖూనీ అయితున్నది" అని అరిచేవాడు.

ఒక పొద్దున కోడలు జొన్న రొట్టెలు చేస్తుంటే పక్కన కూర్చుని ముచ్చట్లు పెడుతున్నాను. చేతికి స్పర్శ వచ్చిందన్న ధైర్యంతో నన్ను పొయ్యి దగ్గర కూర్చోనిచ్చింది. ఏదో చెప్తూ ఉన్నాను, కోడలు కెవ్వున అరిచింది. చూస్తే నా కుడి చెయ్యి పెనం అంచుకు ఆని ఉంది. చూపుడువేలు బొబ్బ ఎక్కుతోంది. నేనింకా ముచ్చట మధ్యలోనే ఉన్నాను.

కోడలు చెయ్యి లాగి నీళ్లల్లో పెట్టింది. వేలు వంక చూసింది, నా మొహం వంక చూసింది. మొహాలు చదవడం ఆ ఇంట్లో నాకొక్కదానికే వచ్చనుకున్నాను.

"దవాఖానల అబ్బా అంటవు. గీడ ఎందుకనలే?"

"ముచ్చట్ల పడి మర్చిన."

"సరే, డాక్టరమ్మతోని చెప్త" అంది. చెప్పింది. శనివారం నాడు కళ్లకు తువ్వాలు కట్టి పరీక్ష చేస్తానని డాక్టరమ్మ కబురు పంపింది.

శనివారం బెంచీ మీద గుమాస్తా అన్నను బతిమాలాను. "అన్నా, ఆమె సూది ముట్టించినప్పుడల్లా నువ్వు జర దగ్గు."

"సర్కారు ఆఫీసుల పని చేసిన నాకు ఇషారాలు నేర్పుతవా చెల్లె? దగ్గుత గాని, ఆఖరి పేజీలున్న పుస్తకం ఒక్కటన్న తేవాలె. నువ్వు తెచ్చిన దాండ్ల ఒక్క దొంగ కూడా దొరకలే ఇప్పటిదాంక."

ఒప్పుకున్నాను. లోపల మంచాలెక్కాం. తువ్వాలు కట్టారు. చీకటి. పక్కనుంచి "ఖళ్" అని వినిపించింది.

"అబ్బా" అన్నాను.

"ఖళ్, ఖళ్."

"అబ్బా, అబ్బా."

తర్వాత వరసగా పెద్ద దగ్గు మొదలైంది, ఆగదు. నేను కూడా ఆగలేదు. "అబ్బబ్బబ్బా, సంపుతవా డాక్టరమ్మా" అని మంచం మీద ఎగిరెగిరి పడ్డాను. ఎవరో తువ్వాలు లాగారు. డాక్టరమ్మ దూరంగా కిటికీ దగ్గర నిలబడి గ్లాసుతో మంచినీళ్లు తాగుతోంది. సూదుల పెట్టె ఇంకా తెరవనేలేదు. కోడలు కొంగు నోట్లో కుక్కుకుంది. గుమాస్తా అన్న కళ్లనీళ్లు కారుతుండగా మంచం మీద వంగిపోయి, "చెల్లె... అసలు దగ్గు... అసలు దగ్గు..." అంటున్నాడు. రాత్రి వానలో తడిశాడట.

మంచాల మీద ఉన్నవాళ్లందరూ నవ్వారు. సూదులున్నవాళ్లు కదలకూడదు కాబట్టి నోళ్లతో మాత్రమే నవ్వారు. నేను కూడా నవ్వాను. డాక్టరమ్మ నవ్వలేదు. గ్లాసు పెట్టి వచ్చి నా మంచం పట్టె మీద కూర్చుంది.

"పెద్దమ్మా, లోపల ఏమైతున్నదో నాకు కనపడదు. నువ్వు చెప్పిందే నాకు కన్ను. నువ్వు అబద్ధం చెప్తే నేను గుడ్డిదాన్నే. మూడు వారాలు గుడ్డిగ గుచ్చిన." తువ్వాలు మడత పెడుతూ అంది: "వేళ్లకు మళ్ల మొదలుపెడ్త. ఇంక ఆరు సార్లు చూస్త. నిజంగ ఏం తెలవకుంటే నేనే బంద్ చేస్త. ఉత్తగ మీ కోడలు ఛుట్టీలు పాడు చెయ్య."

మెట్లు దిగేటప్పుడు కోడలు నా రెక్క పట్టుకుంది. కింద సందులోకి వచ్చాక అంది: "నాకు చెప్తే ఏమైతుండె అత్తమ్మా?"

"నువ్వు బాధపడ్తవని."

"వేలు కాలినప్పుడు సంబరపడ్డననుకున్నవా?"

అంటూనే ఆటో పిలిచింది, ఎక్కాం. ఆరు సార్లు. ఆ తర్వాత బ్యాంకు మనిషి మర్యాద, నీలం వేలు, అంతే.

మరుసటిసారి నుంచి తువ్వాలు నేనే అడిగి కట్టించుకున్నాను. మొహం కనిపిస్తే నా నోరు నా మాట వినదు. గుమాస్తా అన్నను ఆ చివరి మంచానికి మార్చేశారు. ఆయన చాలా నొచ్చుకున్నాడు. చీకట్లో డాక్టరమ్మ అడిగేది, "ఏమన్న తెలుస్తున్నదా?" నేను "లేదు" అనేదాన్ని. మొదటిరోజు ఆ మాట అనడానికి రెండేసి సార్లు అడిగించుకున్నాను. రెండో రోజు కొంచెం తేలిక. మూడో రోజుకు "లేదు, లేదు, అక్కడ కూడా లేదు, ఇంకో చోట చూడు" అని విసుక్కునేంత అలవాటైంది. ఇంటి దగ్గర కోడలు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి నా వేళ్లను ఒక్కొక్కటే వంచి చాచేది. కసరత్తు చేయిస్తూనే తిట్టేది. రెండూ మానలేదు.

నాలుగోసారి ఆ మంగళవారం. ఫ్యాను తిరుగుతోంది. స్టేషన్‌లో రైలేదో కూసింది. బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ కండ ఉంటుంది చూడండి, అక్కడ ఏదో సన్నగా మొదలై, లోపలినుంచి దారం పట్టి గుంజినట్టు మణికట్టు దాకా పోయి, భగ్గుమంది. నేనేం ఆలోచించలేదు.

"నీ చేతులు పడిపోను!" అని అరిచాను.

చెయ్యి పడిపోయినదాన్ని, చెయ్యి బాగుచేసే మనిషిని ఆ తిట్టే తిట్టాను. 

"పెద్దమ్మా," అంది డాక్టరమ్మ చాలా నెమ్మదిగా, "మళ్ల షురూ చేసినవా?"

ఆ చివరి మంచం నుంచి కేక: "నేను దగ్గలే! దేవుని తోడు, నేను దగ్గలే!"

"లేదు డాక్టరమ్మా," అంది కోడలు. "నేను ఆయన మూతినే చూస్తున్న. మూసుకునే ఉన్నడు."

"తువ్వాలు తియ్యకు," అన్నాను. "పరీక్ష పెట్టు. నీకు ఇష్టమొచ్చినంత సేపు పెట్టు."

పెట్టింది. నేను చెప్పాను: చూపుడువేలు. మళ్లీ చూపుడువేలే. బొటనవేలు. "ఇప్పుడో?" ఇప్పుడేం లేదు. "చిటికెన వేలికి గుచ్చిన." గుచ్చితే గుచ్చినవు గాని నాకేం తెలుస్తలేదు. "ఇప్పుడో?" ఇప్పుడు నువ్వసలు ముట్టలేదు, నీ గాజులు దూరంగ చప్పుడైనయి. "గాజులు వినొద్దు" అని గాజులు తీసి కోడలికిచ్చి మళ్లీ మొదలుపెట్టింది. ఆఖరికి తువ్వాలు విప్పింది. రెండు వేళ్లు తెలుస్తున్నాయి, మూడు తెలియడం లేదు.

"ఇప్పుడు నమ్మిన," అంది. "నటించెటోళ్లు అబ్బా అంటరు. ఎవ్వరూ గట్ల తిట్టరు."

కాగితం మీద ఏదో రాసింది. చూపించమన్నాను. ఇంగ్లీషు. "నాకు గది రాదు, తెలుగుల రాయి" అన్నాను. దాని కిందే రాసింది: రెండు వేళ్లకు తెలుస్తోంది. పక్కనే ఇంకో మాట చేర్చింది: నిజం. ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని చదువుకున్నాను. ఆ రోజు నా కోసం అందరూ తొందరపడకుండా ఆగారు. గుమాస్తా అన్న కూడా.

స్పర్శ ఎందువల్ల వచ్చిందో, ఆ ఘనతను ఎవరికి వాళ్లు పంచుకున్నారు. సర్కారు డాక్టరు కసరత్తులన్నాడు, మెల్లగా దానంతట అది రావడం కూడా ఉంటుందన్నాడు. కోడలు తన చేతి మహిమ అంది. గుమాస్తా అన్న మొక్కుకున్నానన్నాడు. డాక్టరమ్మ, "సూదులతోనే వచ్చిందని నేను కసమ్ తినను, ఒట్టెయ్యను" అంది. పంచుకోనీ. నొప్పి మాత్రం నాది, దాన్ని ఎవరికీ ఇవ్వలేదు.

ఆ తర్వాత చాలా నెలలు పట్టింది. పెన్ను జారిపోయేది. దానికి గుడ్డపేలిక చుట్టి లావు చేశాం. మొదట గీత, తర్వాత సున్నా. మూడు వేళ్లు ఇప్పటికీ మొద్దుగానే ఉన్నాయి. బ్యాంకుకు ఇంకా పోలేదు, ఆ కౌంటరు మనిషిని ఇంకొన్నాళ్లు మర్యాదగానే ఉండనిద్దాం.

ఇక సాక్షులు. ఆ మంగళవారం పదకొండూ ఐదుకు ఆ గదిలో ఉన్నవాళ్లు: సూదుల డాక్టరమ్మ, గాజులు తీయకముందు. ఆ చివరి మంచం మీద నోరు మూసుకున్న గుమాస్తా అన్న, ఆఖరి పేజీలున్న పుస్తకం ఆయనకు ఇచ్చేశాను. ఆయన పక్కన మోకాలి నొప్పికి సూదులు వేయించుకుంటున్న హిమాయత్‌నగర్ ఆవిడ, తిట్టు విని మొహం గోడకు తిప్పుకుంది, కాని విన్నది. తలుపు దగ్గర దుప్పట్లు మడుస్తున్న ఆయమ్మ. నా చెప్పులు పట్టుకుని నిలబడ్డ కోడలు. వీళ్లు ఐదుగురు. ఆరో పేరు నాది, కోడలు రాయబోతే పెన్ను లాక్కున్నాను. కిందిది నా కుడి చేత్తో రాయడానికి ఎంతసేపు పట్టిందో తనను అడగండి, నన్ను అడగొద్దు.

నేను.